నాన్న రాసిన బోర్డు అక్షరాలు ఇంక్‌స్కేప్‌లో గీస్తుంటే వంపులన్నీ సొట్టలు పడుతున్నాయి, నోడ్లు ఎక్కడ పెట్టాలి?

కుంచె_ఇల్లు:

అందరికీ నమస్కారం. మాది సూర్యాపేట దగ్గర ఒక ఊరు. మా నాన్న ముప్పై ఏళ్లకు పైగా బోర్డులు రాశారు. షాపుల బోర్డులు, గోడల మీద ప్రకటనలు, లారీల వెనక రాతలు, అన్నీ ఎనామిల్ పెయింటుతోనే. ఫ్లెక్సులొచ్చాక పని తగ్గిపోయింది, ఇప్పుడైతే చెయ్యి వణుకుతోంది, కుంచె నిలవదు. నేను చిన్న రేడియం స్టిక్కర్ల షాపు పెట్టుకున్నా, బండ్ల మీద పేర్లు, అద్దాల మీద అక్షరాలు కట్ చేసి అంటిస్తా.

అసలు విషయం ఏంటంటే మా వీధి చివర ఒక టైలర్ షాపుకి నాన్న రాసిన చెక్క బోర్డు ఇంకా ఉంది, "శ్రీ కమల టైలర్స్" అని. ఆ షాపు వాళ్లు ఇప్పుడు గాజు తలుపు పెట్టిస్తున్నారు, తలుపు మీద కూడా అవే అక్షరాలు కావాలంటున్నారు, ఫాంటు వద్దట. నాకు చాలా సంతోషం వేసింది, ఎలాగైనా బాగా చేసివ్వాలని ఉంది.

ఫోన్‌తో ఫొటో తీసి ఇంక్‌స్కేప్‌లో (కంప్యూటర్‌లో బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్) ట్రేస్ బిట్‌మ్యాప్ కొట్టా, అంటే ఫొటోలోని అక్షరాల అంచుల్ని అదే గీతలుగా మార్చేస్తుంది. ఒక్క శ్రీకే 412 నోడ్లు, అంటే గీతని పట్టి ఉంచే చుక్కలు, వచ్చాయి. కట్ చేస్తే ప్లాటర్ (రేడియం కోసే మిషను) టకటకా కొట్టుకుంటూ వెళ్లింది, అంచు రంపం పళ్లలా వచ్చింది. సింప్లిఫై మూడుసార్లు నొక్కితే నోడ్లు తగ్గాయి గానీ మ మీద తలకట్టు కొస మొండిగా అయిపోయింది. ఆ కొసే నాన్న రాతకి గుర్తు, సన్నగా వచ్చి ఆగుతుంది. అవన్నీ తీసేసి పెన్ టూల్‌తో నేనే గీశా, వంపు తప్పిపోకూడదని అర సెంటీమీటరుకో నోడ్ పెట్టుకుంటూ పోయా, ల ఒక్కదానికే 60 దాటాయి. దూరం నుంచి పర్లేదు, దగ్గర నుంచి చూస్తే సొట్టలు పడిన గిన్నెలా ఉంది. ఒక నోడ్ సరిచేస్తే పక్కది పాడవుతోంది. రెండు రాత్రులు ఇదే పని.

ఒక అక్షరానికి ఎన్ని నోడ్లు ఉండాలి, ఎక్కడ పెట్టాలి, నోడ్‌కి పక్కన వంపుని తిప్పడానికి వచ్చే ఆ పిడి గీతలు, హ్యాండిల్స్, ఎంత లాగాలి, తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి. తలుపు బిగించడానికి ఇంకా పది రోజులు టైముంది.

ప్లాటర్_బాబాయ్:

తమ్ముడూ, ముందు ఆ 60 నోడ్ల ఫైలు పక్కన పెట్టెయ్, దాన్ని బాగుచెయ్యడం కంటే కొత్తది గీయడం తేలిక. ఎక్కువ నోడ్లు పెడితే వంపు మన చేతిలో ఉంటుందనుకుంటాం, జరిగేది దానికి రివర్స్. రెండు నోడ్ల మధ్య ఉన్న ముక్కని కంప్యూటర్ నున్నగానే గీస్తుంది, సొట్ట పడేది నోడ్ దగ్గరే. నోడ్ ఎన్ని ఉంటే సొట్ట పడే చోట్లు అన్ని. నువ్వు పెట్టిన ప్రతి నోడ్ అర మిల్లీమీటరు అటో ఇటో పడి ఉంటుంది, అదే నీకు గిన్నె సొట్టల్లా కనబడుతోంది.

బోర్డు జోలికి వెళ్లకుండా ముందు ఒక సున్న గియ్యి. నిండు సున్న. పెన్ టూల్ పట్టుకుని నాలుగంటే నాలుగు నోడ్లు: బాగా పైన ఒకటి, కుడివైపు చివర ఒకటి, బాగా కింద, ఎడమ చివర. నొక్కి వదిలెయ్యకు, నొక్కి లాగాలి, లాగేటప్పుడు కంట్రోల్ పట్టుకుంటే హ్యాండిల్ అడ్డంగానో నిలువుగానో బిగుసుకుని ఉంటుంది. పైనా కిందా ఉన్న నోడ్లకి హ్యాండిల్స్ అడ్డంగా, పక్కన ఉన్నవాటికి నిలువుగా. హ్యాండిల్ పొడవు సున్న వ్యాసార్థంలో సుమారు 55 శాతం ఉండాలి. అంటే మధ్య నుంచి అంచుకి 100 మిల్లీమీటర్లుంటే హ్యాండిల్ 55.2 దగ్గర ఆపు. ఇలా గీసిన సున్నకీ అసలైన వృత్తానికీ తేడా ఎక్కడ చూసినా 0.03 మిల్లీమీటరు దాటదు, నీ ప్లాటర్ బ్లేడు కూడా అంత సన్నంగా ఉండదు. నాలుగు నోడ్లతో అంత పని అవుతుంటే ల కి అరవై ఎందుకు?

ఇది చేతికి వచ్చాక అదే సూత్రం అక్షరానికి. వంపు ఎక్కడైతే బాగా పైకెళ్లి దిగడం మొదలుపెడుతుందో, ఎక్కడ బాగా పక్కకెళ్లి వెనక్కి తిరుగుతుందో, అక్కడ మాత్రమే నోడ్. ల తీసుకో. లోపల చిన్న చుట్టు, కింద పెద్ద పొట్ట, కుడివైపు పైకి లేచే కొస. పొట్ట బయటి అంచుకి ఎడమ చివర ఒకటి, అడుగున ఒకటి, కుడి చివర ఒకటి చాలు. లోపలి అంచుకీ అంతే. మొత్తం అక్షరం ఇరవై లోపు అయిపోవాలి. నోడ్ టూల్ తీసుకుని కంట్రోల్ ఏ నొక్కితే కింద పట్టీలో ఎన్ని నోడ్లున్నాయో కనిపిస్తుంది, అది చూసుకుంటూ ఉండు.

ఫొటో వేరే లేయర్‌లో పెట్టి తాళం వేసెయ్, సగం పలచగా చెయ్యి, లేకపోతే గీసేటప్పుడు అదే కదిలిపోతుంది. గీసే లైన్‌కి రంగు నింపకు, సన్నటి ఎర్ర గీత పెట్టుకో.

దారం_సున్నం:

బాబాయ్ గారు చెప్పింది కాదనను గానీ ట్రేస్‌ని అంత తీసిపారేయనక్కర్లేదు. తప్పు ట్రేస్‌ది కాదు, ఫొటోది. బోర్డు పైన ఉంటుంది, మనం కింద నిలబడి ఫోన్ ఎత్తి తీస్తాం, పై అక్షరాలు సన్నబడి కిందవి వెడల్పవుతాయి. దాని మీద ఎంత జాగ్రత్తగా గీసినా నాన్నగారి అక్షరం రాదు. నిచ్చెన వేసుకుని బోర్డుకి సరిగ్గా ఎదురుగా, వీలైతే కొంచెం వెనక్కి జరిగి జూమ్ చేసి తియ్యండి. అంతకంటే మంచిది, బోర్డు మీద ట్రేసింగ్ పేపర్ పరిచి టేపుతో అంటించి, సన్న పెన్సిల్‌తో అంచులు దించుకోండి, దాన్ని నల్లగా నింపి స్కాన్ చెయ్యండి. పాత ఎనామిల్ పెయింటు అంచున పొరలు లేచి ఉంటుంది, ట్రేస్‌కి అది పొర అని తెలియదు, దాన్ని కూడా అక్షరం అనుకుని నోడ్లు వేస్తుంది. పెన్సిల్‌తో దించుకుంటే ఆ గొడవ ఉండదు. నేను రోజుకి పదిహేను, ఇరవై పేర్లు కట్ చేస్తా, అన్నీ చేత్తో గీస్తూ కూర్చుంటే షాపు నడవదు. శుభ్రమైన స్కాన్ ఉంటే ట్రేస్ కొట్టి ఒక్కసారి సింప్లిఫై చేస్తే బండి మీద పేరుకి సరిపోతుంది.

ప్లాటర్_బాబాయ్:

ట్రేసింగ్ పేపర్ మాట నూటికి నూరుపాళ్లు నిజం, నాకు తట్టలేదు, తమ్ముడూ అది తప్పకుండా చెయ్యి. బండి మీద పేరుకి ట్రేస్ చాలన్నదీ ఒప్పుకుంటా. కానీ ఈ పని అది కాదు కదా. గాజు తలుపు మీద అడుగు ఎత్తు అక్షరం, జనం చెయ్యి పెట్టి తోసేంత దగ్గరలో ఉంటుంది. పైగా సింప్లిఫై కి మూల ఏదో వంపు ఏదో తెలియదు, అన్నిటినీ ఒకేలా అరగదీస్తుంది. తలకట్టు కొస పోయింది అందుకే. అదీగాక సింప్లిఫై వెంటవెంటనే నొక్కితే ప్రతిసారీ ఇంకా గట్టిగా అరగదీస్తుంది, మూడుసార్లు నొక్కానన్నావుగా.

అక్షరాల_అత్తయ్య:

నేను సరదాకి మొదలుపెట్టి ఇప్పుడు తెలుగు ఫాంట్ల పని చేస్తున్నాను, అక్షరాలు గీయడమే రోజూ పని కాబట్టి రెండు మాటలు. పైవాళ్లు నోడ్లు ఎక్కడ పెట్టాలో చెప్పారు, నేను హ్యాండిల్స్ గురించి చెబుతాను, ఎందుకంటే సొట్టల్లో సగం అక్కడివే.

వంపు నోడ్ మీదుగానే వెళ్తుంది, హ్యాండిల్ కొస మీదుగా వెళ్లదు, ఆ కొస వైపుకి లాగబడుతుంది అంతే. హ్యాండిల్ ఏ దిక్కు చూస్తే వంపు ఆ దిక్కుగా బయల్దేరుతుంది, హ్యాండిల్ ఎంత పొడవుంటే ఆ దిక్కుని అంతసేపు వదలదు. ఇది మనసులో పెట్టుకుంటే మిగతాదంతా చెయ్యి నేర్చుకుంటుంది. ఈ పద్ధతి పుట్టింది కార్ల బాడీల కోసం. ఫ్రాన్స్‌లో సిట్రోయెన్ కంపెనీలో పాల్ ద కాస్టెల్జో 1959లో ఈ లెక్క కట్టాడు, కంపెనీ బయటపెట్టనివ్వలేదు. రెనోలో పియెర్ బెజియే వేరే దారిలో అక్కడికే వచ్చి ప్రచురించాడు, అందుకే ఆయన పేరే నిలిచింది. రేకు మీద వెలుతురు పడితే చిన్న సొట్ట కూడా కనిపించే చోట పుట్టిన పద్ధతి ఇది, మన అక్షరాలకి ధారాళంగా సరిపోతుంది.

ఇక పనికొచ్చే మాటలు. రెండు నోడ్ల మధ్య దూరంలో మూడో వంతు దగ్గర హ్యాండిల్ మొదలుపెట్టండి, తర్వాత అటూ ఇటూ జరుపుకోండి. ఎదురెదురు హ్యాండిల్స్ ఒకదాన్నొకటి దాటి పోనివ్వకండి, దాటితే మధ్యలో ముడి పడుతుంది. ఒక నోడ్‌కి ఒక పక్క హ్యాండిల్ చాలా పొట్టిగా, ఇంకో పక్క చాలా పొడవుగా ఉంటే, రెండూ ఒకే గీతలో ఉన్నా సరే, వంపు తిరిగే వేగం అక్కడ ఒక్కసారిగా మారుతుంది, కంటికి అది బుడిపెలా తెలుస్తుంది. మీ ల లో ఎక్కడ బుడిపె ఉందో ఆ నోడ్ పట్టుకుని చూడండి, ఇదే కనిపిస్తుంది. ఒక్క ముక్కతో పావు చుట్టుకంటే ఎక్కువ తిప్పడానికి చూడకండి, అలాంటి చోట ఇంకో నోడ్ పెట్టడమే న్యాయం. వంపు దిశ మారి ఎస్ ఆకారంలో వెళ్లే చోట కూడా ఒక నోడ్ ఉంటే మంచిది.

ఇక నోడ్ రకాలు. నున్నగా సాగిపోయే చోట షిఫ్ట్ ఎస్. కుంచె ఆగి దిక్కు మార్చిన చోట షిఫ్ట్ సీ, అది మూల నోడ్, రెండు హ్యాండిల్స్ ఎవరి దారి వాళ్లవి. షిఫ్ట్ వై నొక్కితే రెండు హ్యాండిల్స్ సమానంగా ఉంటాయి, అది సున్నకి తప్ప అక్షరాల్లో నేను వాడను. అచ్చం గుండ్రంగా గీసిన తెలుగు అక్షరం చల్లారిన అట్టులా చప్పగా ఉంటుంది. తలకట్టు కొసకి రెండు మూల నోడ్లు దగ్గరదగ్గరగా, మధ్యలో చిన్న గీత, అంతే. ఒకే నోడ్‌తో సూదిలా చేస్తే రేడియం అక్కడ లేచిపోతుంది, చిరుగుతుంది.

నోడ్ తీసేయాలంటే డిలీట్ నొక్కండి, మామూలుగా అది మిగిలిన వంపుని పాత ఆకారంలోనే ఉంచడానికి చూస్తుంది. కంట్రోల్‌తో కలిపి నొక్కితే ఆ జాగ్రత్త తీసుకోదు.

ఇవన్నీ ఒక ఎత్తు, ఇప్పుడు చెప్పేది ఒక ఎత్తు. మీ నాన్నగారు మీ ఇంట్లోనే ఉన్నారు కదా? ఆ ట్రేసింగ్ పేపర్ ఆయన ముందు పెట్టండి. కుంచె ఎక్కడ ఆనించారు, ఎటు తిప్పారు, ఎక్కడ నొక్కారు, ఎక్కడ లేపారు, ప్రతి అక్షరానికీ అడగండి. ఆయన కుంచె తిప్పిన చోటే నోడ్ ఉండాల్సిన చోటు. నా దగ్గరికి పాత రాతలు వస్తాయి, రాసినవాళ్లు ఉండరు, ఈ ముక్క ఎందుకిలా లావెక్కిందో ఎవరిని అడగాలో తెలియక గంటలు గంటలు చూస్తూ కూర్చుంటాను. మీకు అడగడానికి మనిషి ఉన్నారు.

కుంచె_ఇల్లు:

అత్తయ్య గారూ, బాబాయ్, దారం_సున్నం అన్నా, మీ ముగ్గురికీ ఎలా చెప్పాలో తెలియట్లేదు. నాలుగు రోజుల తర్వాత రాస్తున్నా.

ఆదివారం నిచ్చెన వేసి ట్రేసింగ్ పేపర్‌తో దించుకొచ్చా. మధ్యాహ్నం భోజనాలయ్యాక నాన్న ముందు పరిచా. మొదట ఏం మాట్లాడలేదు, వేలితో క మీద గీస్తూ కూర్చున్నారు. తర్వాత చెప్పడం మొదలుపెట్టారు, నేను ఎర్ర పెన్నుతో చుక్కలు పెట్టుకుంటూ పోయా. నేను మ ని ఒకే గీతతో రాస్తారనుకున్నా, ఆయన మూడు సార్లు కుంచె ఎత్తుతారట. కమల లో ల పొట్ట ఎడమవైపు కంటే కుడివైపు కాస్త లావుగా ఉంటుంది, అది బోర్డు పాతబడి అలా అయిందేమో అనుకుని మొదటిసారి గీసినప్పుడు సరిచేసేశాను కూడా. అది కావాలనే చేశారట, కుంచెని అక్కడ కొద్దిగా పక్కకి వాలుస్తారట, "లేకపోతే అక్షరం ఎడమకి ఒరిగినట్టు కనబడుతుందిరా" అన్నారు. శ్రీ లో ర వత్తు చివర వెంట్రుకంత సన్నగా అయ్యే చోట ఊపిరి బిగబట్టేవారట.

ఎర్ర చుక్కల దగ్గర నోడ్లు పెట్టి గీశా. శ్రీ 412 నుంచి 44 కి వచ్చింది. ల 18. ముందు సున్న గీయడం ఒక గంట ప్రాక్టీసు చేశా, బాబాయ్ చెప్పినట్టు, అది చాలా పనికొచ్చింది.

ఇప్పుడు రెండు ఇబ్బందులున్నాయి. ఒకటి, ర వత్తుని వేరేగా గీసి శ కింద కలిపా. స్క్రీన్ మీద అంతా ఒకటే నలుపు, కట్ చేస్తే కలిసిన చోట బ్లేడు అడ్డంగా కోసేసింది, రేడియం పీకేటప్పుడు ముక్కలైపోయింది. రెండోది, నా ప్లాటర్ సాఫ్ట్‌వేర్ కోసం డీఎక్స్ఎఫ్ అనే ఫైలు రకంలో సేవ్ చేశా, అందులో తెరిస్తే నున్నటి వంపులన్నీ మళ్లీ చిన్న చిన్న గీతలైపోయాయి! నోడ్లు వందల్లో.

ప్లాటర్_బాబాయ్:

44 అంటే చాలా బాగా చేశావ్ తమ్ముడూ.

మొదటిది తేలిక. ప్లాటర్‌కి నలుపు తెలుపు తెలియవు, గీత ఎక్కడుంటే అక్కడ కోస్తుంది. శ, ర వత్తు రెండూ సెలెక్ట్ చేసి పాత్ మెనూలో యూనియన్ కొట్టు, లోపల ఉన్న గీతలు పోయి బయటి అంచు ఒక్కటే మిగులుతుంది. కట్ చేసే ముందు ప్రతిసారీ వ్యూ ని అవుట్‌లైన్‌లోకి మార్చి చూడు, బ్లేడు ఏ దారిన వెళ్తుందో అచ్చంగా అదే కనబడుతుంది. యూనియన్ తర్వాత రెండు గీతలు కలిసిన చోట ఒకదాని పక్కన ఒకటి అతుక్కుని చిన్న నోడ్లు మిగులుతుంటాయి, బాగా జూమ్ చేసి చూసి తీసెయ్. నోడ్ల మధ్య అర మిల్లీమీటరు కూడా లేకపోతే బ్లేడు అక్కడే గింగిరాలు తిరిగి రేడియం చింపేస్తుంది. ఒక్కటి గుర్తుంచుకో, యూనియన్ చేశాక వెనక్కి విడదీయడం కష్టం, ముందు ఒక కాపీ పక్కన పెట్టుకో.

అక్షరాల_అత్తయ్య:

డీఎక్స్ఎఫ్ సంగతి: అందులో పాత రకం ఆర్12 అని ఒకటుంది, దానికి ఇలాంటి వంపులు దాచుకోవడం రాదు, అందుకే ప్రతి వంపునీ చిన్న చిన్న తిన్నటి గీతలుగా ముక్కలు చేసి రాస్తుంది. మీరు సేవ్ చేసింది అదే అయి ఉంటుంది. మీ ప్లాటర్ సాఫ్ట్‌వేర్ ఎస్‌వీజీ గానీ ఈపీఎస్ గానీ తెరుస్తుందేమో చూడండి, వాటిలో నోడ్లూ హ్యాండిల్సూ ఉన్నవి ఉన్నట్టే వెళ్తాయి. తెరవకపోతే కోరెల్ డ్రా సాఫ్ట్‌వేర్ ఉన్న స్నేహితుల దగ్గర తెరిపించి అక్కడి నుంచి కట్‌కి పంపండి. అసలు ఫైలు మాత్రం ఎస్‌వీజీలోనే ఉంచుకోండి, యూనియన్ చేయనిది.

మీ నాన్నగారు ల గురించి చెప్పింది చదివి నేను గీసిన ఒక ఫాంటులోని ల తెరిచి చూసుకున్నాను. రెండు పక్కలా ఒకే లావు ఉంది. రేపు అది మారుస్తాను. వీలుంటే మిగిలిన అక్షరాలు కూడా ఆయన చేత చెప్పించి ఎర్ర చుక్కలతో సహా దాచిపెట్టండి, టైలర్ షాపు పని అయిపోయినా ఆపొద్దు.

దారం_సున్నం:

పూర్తి రేడియం మీద కోసే ముందు మిగిలిపోయిన చిన్న ముక్క మీద ఒక్క తలకట్టు, ఒక్క చుట్టు కోసి పీకి చూడన్నా. స్పీడు సగానికి తగ్గించు. కొత్త బ్లేడు వెయ్యి, ఈ పనికి పాత బ్లేడు వద్దు.

కుంచె_ఇల్లు:

ఈపీఎస్ తెరిచింది, నోడ్లు అలాగే ఉన్నాయి! నిన్న సాయంత్రం కొత్త బ్లేడుతో, తక్కువ స్పీడులో కోశా. ఈసారి టకటక చప్పుడు లేదు, ఒకే తీరుగా జారుకుంటూ పోయింది. తలకట్టు కొస నిలబడింది. ముందుగా ఇంట్లో కిటికీ అద్దానికి అంటించి నాన్నని పిలిచా. అద్దం మీద గోటితో అంచు వెంట గీసుకుంటూ శ్రీ నుంచి ల దాకా వచ్చారు, శ్రీ దగ్గర ఒకసారి వెనక్కి వెళ్లి మళ్లీ గీశారు. అంతా చూసి, ల కుడి కొస రెండు మిల్లీమీటర్లు పైకి ఉందన్నారు. ట్రేసింగ్ పేపర్ తెచ్చి పెట్టి చూస్తే నిజమే, యూనియన్ చేసేటప్పుడు నా చెయ్యి తగిలి కదిలినట్టుంది. ఇప్పుడే ఆ నోడ్ కిందకి దించా, రేపు పొద్దున మళ్లీ కోస్తా. అత్తయ్య గారూ, సాయంత్రం నుంచి అ, ఆ మొదలుపెడదామన్నారు నాన్న, ఎర్ర పెన్నులు రెండు కొన్నా.